సారె ముందు కూర్చున్న రోజు

మొన్న నరసరావుపేట బస్టాండు దగ్గర కుళాయి బిగించిన మట్టికుండ ఒకటి బేరమాడుతూ, అలవాటు కొద్దీ వేలి కణుపుతో తట్టి చూశాను. మోత బాగానే ఉంది గానీ, ఎక్కడినుంచో లారీలో వచ్చిన ఆ కుండ అడుగు మరీ నున్నగా, ఎవరి చెయ్యీ పడనట్టుగా ఉంది. కుండను తట్టి కొనడం నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నాకు మాత్రం ఆ మోతతో మా నాయన, ఆయన కుండలు చేసే సారె, నిరుడు వియత్నాంలో నేను చేసిన వెర్రిపని వరసగా గుర్తుకొచ్చాయి.

మాది గురజాల పక్కన పల్లెటూరు, కుమ్మరి ఇల్లు. మట్టి తేవడం, బూడిద కలిపి తొక్కడం, కుండలు కాల్చే ఆవం పేర్చడం, గంపకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మడం అమ్మా నేనూ చేసేవాళ్ళం. సారె మీదనుంచి దిగిన కుండకు అడుగుండదు; కాస్త ఆరాక లోపల గుండ్రాయి ఆనించి, పైన చెక్కతో తట్టితట్టి అడుగు మూయాలి, ఆ పనీ మాదే. ఒక్క సారె మాత్రం మగవాళ్ళది. ఆడవాళ్ళు దాన్ని తిప్పడం కాదు, ముట్టనే కూడదు. ఊడ్చేటప్పుడు పొరపాటున కాలు తగిలితే లెంపలేసుకునేవాళ్ళం.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మగపిల్లలు లేరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన చేతుల్ని చూస్తూ పెరిగినదాన్ని, నేను తిప్పుతానని ఒకే ఒక్కసారి అడిగాను. "ఆడది కూచుంటే సారె మైలపడుద్దే. పోయి చదువుకో," అన్నాడు. బియ్యం ఏరుతున్న అమ్మ తలైనా ఎత్తలేదు. సారె చెదలు పట్టింది, మూడో ఏట నాయన పోయాడు, నేను టైపు నేర్చుకుని పేట కోర్టులో చేరి ఎవరెవరి తగాదాలో ముప్పై అయిదేళ్ళు టైపు కొట్టాను. ఆ చేతులతో కుండలు చేసి ఉండేదాన్నన్న కోపం మాత్రం నాయన మీద అలాగే ఉండిపోయింది. పోయిన మనిషి మీద కోపం తీర్చుకునే దారి ఉండదు కదా.

నిరుడు రిటైరైన స్నేహితురాళ్ళం పన్నెండుమందిమి వియత్నాం వెళ్ళాం. ఏటి ఒడ్డున కుమ్మరుల ఊరు చూపించడానికి పడవలో తీసుకెళ్ళారు. దిగీ దిగగానే కుండపోత వాన, తగ్గేదాకా పడవ కదలదన్నారు. ఆ రేకుల పాకలో ఒక ముసలావిడ నిలబడి సారెను కాలితో తన్ని తిప్పుతోంది, కూతురు కూర్చుని కుండ లేపుతోంది. కాలితో! నా చెయ్యి దానంతటదే లెంప మీదికి పోయింది. మావాళ్ళు ఒక్కొక్కరే కూర్చుని వంకరటింకర గిన్నెలు చేసి ఫోటోలు దిగుతుంటే నేను మోకాళ్ళ నొప్పులని వెనక్కి నక్కాను. బయట వాన, లోపల వీళ్ళు, పారిపోయే సందు లేదు. చివరికి రెక్క పట్టి కూర్చోబెట్టారు.

బోనెక్కిన వాళ్ళను రోజూ చూశాను గానీ ఆ నిలబడలేని, దిగలేని అవస్థ నాకు అప్పుడే తెలిసింది. చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. చేతకాకపోతే నలభై ఏళ్ళ నా కోపం ఉత్తదైపోతుంది. చేతనైతే నలభై ఏళ్ళూ ఉత్తవైపోతాయి. ముసలావిడ కూతురు నా చేతుల మీద చేతులు పెట్టింది. కాసేపటికి తీసేసింది. అయినా మట్టి లేస్తూనే ఉంది. గిన్నె నిలబడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే, దానికి అడుగు ఉందన్న సంగతి, ఆరనివ్వాలన్న సంగతి కూడా మరిచి, తీసి బోర్లించి అరచేత్తో తట్టడం మొదలుపెట్టాను. ముద్దయిపోయింది. అందరూ నవ్వారు. నేను ఏడ్చాను.

ఇంటికొచ్చి, నా దగ్గరే ఉంటున్న అమ్మకు జరిగింది చెప్పాను. విని, "నేనూ ఒకసారి తిప్పాన్లే. మీ నాయన మాచర్ల పోయినప్పుడు. చిన్న ముంత లేచింది. భయమేసి నలిపేశా," అంది. మరి ఆరోజు నా తరఫున ఒక్కమాట ఎందుకనలేదని నిలదీశాను.

"నువ్వు తిప్పగలవని నాకు తెలుసమ్మే. తిప్పితే ఆ మట్టిలోనే ఉండిపోతావు, నా మాదిరి."

నా కోపాన్ని నాయన మీదనుంచి తీసి ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తోచడం లేదు.

మా ఊళ్ళో ఇప్పుడు ఆడపిల్లల్ని సారె ముట్టొద్దనేవాళ్ళు ఎవరూ లేరు, ముట్టడానికి సారే లేదు. మొన్న ఆ కుండ కొని తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఒళ్ళోకి తీసుకుని, బోర్లించి, అడుగంతా వేళ్ళతో తడుముతూ కూర్చుంది. చెక్క దెబ్బల కోసం వెతుకుతోందని తెలిసి, వంటింట్లోకి వెళ్ళిపోయాను.