తలకాయ లేని చేప

మా పక్కింటి రెజీనా డబ్బా చేపతో పులుసు పెట్టిందంటే వీధి వీధంతా ముక్కులు ఎగబీలుస్తుంది. వాళ్ల అన్న ఆస్టిన్ ఓడలో వంటవాడు, సెలవుకొచ్చినప్పుడల్లా డజను డబ్బాలు తెచ్చి పడేస్తాడు. ఒక డబ్బా, రెండు వంకాయలు, కాస్త చింతపండు. ఇంట్లో ముగ్గురికీ రాత్రి భోజనం అయిపోతుంది. చేప ముందే ఉడికి ఉంటుంది కాబట్టి పులుసు మరిగాకే వేస్తుంది, గరిటె పెట్టకుండా దాక పట్టుకుని తిప్పుతుంది.

మొగుడు జాబేజ్ ఆటో తోలుతాడు, పెళ్లాన్ని తంతాడు. ఆదివారం చర్చిలో మాత్రం ముందు వరసలో కూచుంటాడు, సిగ్గులేని వెధవ! మా వైపు చేప తలకాయ ఇంటి మగాడిది. ఆ సాయంత్రం తాగొచ్చిన వాడి కంచంలో అది లేదు.

"తలకాయేదే?"

"డబ్బా సేపకి తలకాయుండదు. కోసేసే పెడతారు."

"ఎవుడికెట్టేవో సెప్పు!"

చెంప పగిలిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది. ఎనిమిదేళ్ల కూతురు ఆశ్రిత పరిగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా రా, అమ్మని సంపేస్తన్నాడు!"

నేను వెళ్లేసరికి రెజీనా మిగిలిన డబ్బాలన్నీ వాడి ముందు పెట్టింది.

"నువ్వే ఇప్పి సూడు. ఒక్క తలకాయున్నా నన్ను నరికెయ్యి."

నిజం కళ్లారా చూస్తే ఆగుతాడని నమ్మింది, పిచ్చిముండ. వాడు చెరుకు కొట్టే కత్తి తీసి ఒక్కో డబ్బా పగలగొట్టాడు. నేలంతా నూనె, చేప ముక్కలు. ఎందులోనూ తలకాయ లేదు. హమ్మయ్య అనుకున్నాను.

"అయితే మీ అన్న నన్ను ఎగతాళి సేస్తన్నాడేటే?"

జుట్టు పట్టుకుని ఆమె తల గోడకేసి కొట్టాడు. ఆశ్రిత అడ్డం వెళ్లింది. వాడి మోచెయ్యి తగిలి పిల్ల పెదవి చీలిపోయింది, గౌనంతా రక్తం.

అంతే. పొయ్యి మీద ఇంకా కుతకుతలాడుతున్న దాకని రెజీనా వట్టి చేతులతో ఎత్తి వాడి గుండెల మీద కుమ్మరించింది. వాడు గావుకేక పెట్టి నూనెలో జారిపడ్డాడు. జారిన కత్తి ఆమె తీసుకుంది.

"లెగు. లెగిసి మళ్లీ కొట్టు."

వాడు మూలుగుతూ గోడ వారకి పాకాడు.

పోలీసులొచ్చారు. కానిస్టేబులు కాగితం తీసి, ఎందుకు పోశావని అడిగాడు.

"నా గుంటని, ఆశ్రితని కొట్టేడు బాబూ."

"మరి నిన్ను కొట్టలేదా?"

"నన్నా? నన్ను రోజూ కొడతాడు కదా," అంది, అది చెప్పాల్సిన సంగతే కానట్టు.

అతను అది రాయకుండా పెన్ను ఎత్తేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అదీ రాయి బాబూ! ముందు అదే రాయి!" అని అరిచాను.