ఇంటి బెంగ అని చెప్పాను

నా దగ్గర ఒకరి మాట ఉండిపోయింది. ఏళ్లు గడిచాయి. అది నాది కాదు. దాచమని ఎవరూ ఇవ్వలేదు. ఇంకొకరికి అందించమని ఒక పిల్లవాడు నన్ను నమ్మి చెప్పాడు, నేను అందించలేదు. అన్నం కలుపుకుంటున్నప్పుడు, కొట్లో ఉప్పు తూస్తున్నప్పుడు, మరీ ముఖ్యంగా ఎవరైనా నన్ను మంచి మనిషి అన్నప్పుడు, అది మళ్లీ చెవిలో వినిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం లేకనే మీకు చెప్తున్నాను.

మాది బస్తర్ అంచున కొంటాలో కిరాణా కొట్టు. తాతల నాడు భద్రాచలం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, కొట్టు ముందు అక్కడి ఆదివాసులు దోర్లవాళ్ల మాట. వాళ్ల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది కాబట్టి నాకు అది నేర్చుకున్నట్టు కూడా గుర్తులేదు. చింతపండు రోజుల్లో దోర్ల ఆడవాళ్లు బుట్టలతో వచ్చేవాళ్లు. జగదల్‌పూర్ నుంచి సేటు వచ్చేవాడు. మధ్యలో మా నాన్న. సేటు హిందీలో, వీళ్లు తూకం కోసం పండు తడుపుతారు, దొంగముండలు అనేవాడు. నాన్న అటు తిరిగి, పండు బాగుందంట, ఇంకొంచెం ఎండబెట్టి తెమ్మంటున్నాడు అని చెప్పేవాడు. ఆడవాళ్లు వీడి కాటా పాడైపోను అనేవాళ్లు. నాన్న ఇటు తిరిగి, వచ్చే వారం కూడా మిమ్మల్నే రమ్మంటున్నారు సేటుగారూ అనేవాడు. అందరూ నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. నేను గల్లా పక్కన కూర్చుని పడీపడీ నవ్వేదాన్ని. ఇదేంది నాన్నా అంటే, మనం మధ్యవాళ్లం బిడ్డా, బేరం చెడొద్దు అనేవాడు.

నాన్న మీద నెపం వేస్తున్నానా? కొంచెం వేస్తున్నాననే అనుకుంటాను. కానీ ఆ నవ్వు నాదే. ఆ విద్య నాకు బాగా పట్టుబడింది.

పెళ్లయ్యాక బస్తర్‌లోనే వేరే పట్నానికి వెళ్లాను. ఏ పట్నమో చెప్పను. అక్కడ కేసులో ఇరుక్కున్న మైనరు పిల్లల్ని విచారణ తేలేదాకా ఉంచే సర్కారు గృహం ఒకటి ఉండేది. దాన్ని జైలు అనకూడదు. ఎత్తైన గోడ, తాళం వేసిన గేటు, గేటు దగ్గర కర్ర పట్టుకున్న మనిషి, అయినా జైలు అనకూడదు. పిల్లలు మాత్రం జైలనే అనేవాళ్లు. నేను అక్కడ హిందీ చదవడం, రాయడం నేర్పే కాంట్రాక్టు టీచరుగా చేరాను. పిల్లలకు నేను దీదీని.

సూపరింటెండెంటు రాక్షసుడేమీ కాదు. షుగరు మనిషి. బంతి మొక్కలు పెంచేవాడు. పిల్లలు ఎక్కువ, మనుషులు తక్కువ. అందుకని పిల్లలు పడుకునే హాలు మొత్తాన్ని అందరికంటే పెద్ద కుర్రాడి చేతిలో పెట్టి వాడికి మానిటర్ అని పేరు పెట్టాడు. కొత్తగా వచ్చినవాడు మానిటర్ బట్టలు ఉతకాలి. వారానికోసారి ఇచ్చే గుడ్డు వాడికి ఇవ్వాలి. ఎదురు చెప్తే దుప్పటి కప్పి కొడతారు, ఎవరు కొట్టారో తెలియకుండా. హాలు నిశ్శబ్దంగా ఉండేది. నిశ్శబ్దంగా ఉంటే బాగున్నట్టే మాకు లెక్క. ఇదంతా నాకు తెలియదని అనలేను. నాతో సహా అందరికీ తెలుసు.

వాడిని ముత్తయ్య అందాం. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. గొల్లపల్లి అవతల ఎక్కడో ఊరు. వారపు సంతలో జరిగిన కొట్లాటలో పెద్దవాళ్లు పారిపోయారు, వీడు దొరికాడు. పదిహేనో పదహారో ఉంటాయి. హిందీ ఒక్క ముక్క రాదు. మొదటి రోజు క్లాసులో నేను దోర్ల మాటలో ఏ ఊరురా అని అడిగితే, వాడి మొహం నేను ఇంతవరకూ మరిచిపోలేదు. ఎండలో నడిచొచ్చినవాడికి మంచినీళ్లు ఇచ్చినట్టు చూశాడు. ఆ రోజు నుంచి నన్ను దీదీ అనలేదు, అక్కా అన్నాడు. ఆ గోడల మధ్య నన్ను అక్కా అన్నది వాడొక్కడే, నాకది గర్వంగా ఉండేది.

హిందీలో ముందు ఏం నేర్చుకుంటావురా అంటే, ఇల్లు గుర్తొస్తోంది అనడం నేర్పమన్నాడు. ఘర్ కీ యాద్ ఆతీ హై. బోర్డు మీద రాశాను. వాడు అక్షరాలు దిద్దాడు, పైకి చదివాడు, మళ్లీ చదివాడు. వాడికి బాగా వచ్చిన మొదటి హిందీ వాక్యం అది. ఇది గుర్తుపెట్టుకోండి.

మండే ఎండల్లో వాడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చేవాడు. నేను చాలా రోజులు పట్టించుకోలేదు. ఒకరోజు పలక ఎత్తుతుంటే చొక్కా చెయ్యి కిందికి జారి గాయాలు కనిపించాయి. కొన్ని మానినవి, కొన్ని కొత్తవి. ఎవరు చేశారని అడిగితే నేనే చేసుకున్నానన్నాడు. ఎందుకని అడిగితే పలక తుడుస్తూ చెప్పాడు. మానిటర్ గురించి, దుప్పటి గురించి. నేను మందు రాశాను. బిస్కెట్లు ఇచ్చాను. సూపరింటెండెంటుకు చెప్పాలా అని నాలో నేను కొట్టుమిట్టాడి, ఆయనకు తెలియనిదేముందని ఊరుకున్నాను. అప్పుడే నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పిల్లల కేసులు చూసే కోర్టు మేడమ్ తనిఖీకి రాబోతోంది. నేరుగా ఆమెకే చెప్పిస్తే?

వాడు ఒప్పుకోలేదు. భయపడ్డాడు. నేనే వెంటపడ్డాను. నువ్వు మన మాటలో చెప్పు, నేను హిందీలో చెప్తా అన్నాను.

"ఉన్నదున్నట్టు చెప్తవా అక్కా?" అని అడిగాడు.

"చెప్తరా."

"మధ్యల వదిలిపెట్టవు గద?"

"వదిలిపెట్ట."

మేడమ్ వచ్చిన రోజు గృహమంతా ఫినాయిల్ వాసన. బంతిపూల మాల. ఆమె చిన్న వయసు మనిషి. కుర్చీ ముందుకు జరుపుకుని పిల్లలతో మాట్లాడే రకం. వినడానికే వచ్చిన మనిషి అని చూడగానే తెలిసిపోయింది. అదే ఇప్పటికీ నన్ను నిలవనివ్వదు. ఆమె వినని మనిషైతే నా తప్పు కొంత తగ్గేది.

ముత్తయ్య వంతు వచ్చింది. మేడమ్ వాడి చొక్కా చెయ్యి మెల్లగా పైకి జరిపి చూసింది. ఇదేమిటి బాబూ అంది. సూపరింటెండెంటు నవ్వుతూ, మా దీదీకి వీళ్ల భాష వచ్చు మేడమ్, అడిగి చెప్తుంది అన్నాడు. ముత్తయ్య నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ముందు తడబడుతూ, తర్వాత ఎక్కడా ఆగకుండా. ఆ గదిలో వాడి మాట అర్థమైంది నాకొక్కదానికే. సరిగ్గా అప్పుడు మానిటర్ టీ గ్లాసుల ట్రే పట్టుకుని లోపలికి వచ్చాడు. వాడికి దోర్ల మాట రాదు, హిందీ వచ్చు.

ముత్తయ్య ముగించాడు. ఏమంటున్నాడు అని మేడమ్ నన్ను అడిగింది.

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పలేను, కానీ నవ్వాను. "ఇసే ఘర్ కీ యాద్ ఆతీ హై, మేడమ్" అన్నాను. ఇంటి బెంగతో అలా చేసుకున్నాడట అని కూడా కలిపాను.

మేడమ్ కళ్లు చెమర్చాయి. పాపం అంది. పిల్లలకు ఆటల్లేక ఇలా అవుతోందని, క్యారమ్ బోర్డు ఇప్పించమని సూపరింటెండెంటుకు చెప్పింది. మీలాంటివాళ్లు ఉండడం వీళ్ల అదృష్టం అని నాతో అంది. నేను థాంక్యూ మేడమ్ అన్నాను. అవును, థాంక్యూ అన్నాను.

ముత్తయ్య నన్నే చూస్తున్నాడు. నేను మేడమ్‌కు ఏం చెప్పానో ఎవరూ వాడికి విప్పి చెప్పక్కర్లేదు. ఆ వాక్యం వాడికి నేర్పింది నేనే.

ఎందుకు చేశాను? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను, ప్రతిసారీ ఒక సమాధానం దొరికింది, ప్రతిసారీ అది కొంచెం అబద్ధంగానే తేలింది. మానిటర్ వింటే ముత్తయ్యకు ఇంకా దెబ్బలు పడతాయని భయపడ్డానని చాలా కాలం చెప్పుకున్నాను. ఈ మానిటర్ని బయటికి పంపండి మేడమ్ అంటే పంపేది కదా. నా కాంట్రాక్టు ఆ నెలలోనే పొడిగించాలి, సంతకం సూపరింటెండెంటుది. అదీ ఉంది. అదొక్కటే అయితే ఆకలికి చేశానని సరిపెట్టుకునేదాన్ని. అసలు సంగతి ఇంకా చిన్నది, ఇంకా సిగ్గుచేటైనది. ఆ గదిలో అందరూ మర్యాదగా ఉన్నారు. టీ వేడిగా ఉంది. మేడమ్‌కు నేను నచ్చాను. ఆ మాట హిందీలో నా నోటి నుంచి వస్తే మొహాలన్నీ మారిపోతాయి. బేరం చెడుతుంది. నేను మధ్యమనిషిని. సేటు తిట్టును తేనెలో ముంచి దోర్ల ఆడవాళ్లకు అందించిన నాన్న లాగే, నేను వాడి మాటను మేడమ్‌కు అందకుండా ఆపేశాను. నాన్న చేసినప్పుడు అది చింతపండు. నేను చేసినప్పుడు పిల్లవాడు.

క్యారమ్ బోర్డు వచ్చింది. మానిటరే ఆడుకున్నాడు. ముత్తయ్య క్లాసులో నోరు తెరవడం మానేశాడు. నేను దోర్ల మాటలో పలకరిస్తే గోడ వైపు చూసేవాడు. మళ్లీ మేడమ్ వచ్చినప్పుడు నేనే చెప్తాలేరా అని ఒకసారి గొణిగాను. వాడు విన్నాడో లేదో.

కొన్నాళ్లకే వాడు ఇదివరకటికంటే ఘోరంగా చేసుకున్నాడు. ఎలాగన్నది రాయను. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. బతికాడు. కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ ముడుచుకోలేదు.

ఆసుపత్రికి నన్ను పిలిపించారు, భాష కోసమే. దారంతా ఒకటే అనుకున్నాను: ఈసారి ఉన్నదున్నట్టు చెప్తాను, ఉద్యోగం పోతే పోయింది. డాక్టరు మంచం పక్కన నిలబడి, ఎందుకిలా చేశావో అడగమన్నాడు. నేను వంగి అడగబోయాను. ముత్తయ్య నన్ను అడగనివ్వలేదు. డాక్టరు వైపు తిరిగి, శుభ్రమైన హిందీలో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఘర్ కీ యాద్ ఆతీ హై అన్నాడు. తర్వాత నా వైపు చూసి, మీరు పోండి మేడమ్ అన్నాడు. అక్కా అనలేదు.

నేను వచ్చేశాను. అక్కడే నిలబడి డాక్టరుకు నిజం చెప్పొచ్చు. ఎవరూ నా నోరు మూయలేదు. వాడే అలా అన్నాడు కదా, ఇంక నేనేం చెప్పను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఈ సంగతి ఆరా తీయడానికి వచ్చిన అధికారికి కూడా ఇంటి బెంగ అనే చెప్పాను. రెండోసారి చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. వాడిని వేరే జిల్లా గృహానికి మార్చారు. తర్వాత కేసు కొట్టేశారని, ఊరికి వెళ్లిపోయాడని విన్నాను. నా కాంట్రాక్టు పొడిగించారు.

మానిటర్ సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు ట్రే పట్టుకున్న వాడి చేతుల మీదా పాత మచ్చలున్నాయి. వాడూ ఒకప్పుడు కొత్తవాడే, వాడి గుడ్డూ ఎవడో తినే ఉంటాడు. వాడి భాష హిందీనే, నాకు బాగా వచ్చిన భాషే. అయినా వాడిని నేను ఏనాడూ ఏమైందిరా అని అడగలేదు.

నాన్న పోయాక ఉద్యోగం మానేసి కొంటా వచ్చేశాను. కొట్టు నేనే చూస్తున్నాను. ఇప్పుడు సేట్లు తిడితే తిట్టిందే చెప్తాను, ఆడవాళ్లు శాపనార్థాలు పెడితే అవే చెప్తాను. చాలా బేరాలు పోయాయి. దీన్ని ప్రాయశ్చిత్తం అనుకోకండి. చింతపండు దగ్గర నిజాయితీ ఎవరికైనా చేతనవుతుంది. గొల్లపల్లి బస్సు ఎక్కి వాడి ఊరు వెతుక్కుంటూ పోవడం మాత్రం ఇంతవరకూ చేతకాలేదు. కొట్టుకు వచ్చినవాళ్లెవరైనా ఎడమచేత్తో సంచి అందిస్తే తలెత్తి మొహం చూస్తాను. వాడు కాదని తెలిశాక ఊపిరి వదులుతాను. ఆ ఊపిరి వదలడమే నా బతుకులో అన్నిటికంటే సిగ్గుపడాల్సిన పని.

క్షమించమని వాడిని అడగను. అడిగితే మళ్లీ వాడి మీదే ఒక పని పెట్టినట్టు. నాకు చేతనైంది ఒక్కటే మిగిలింది, ఆ రోజు చెయ్యనిది. ఏమంటున్నాడు అని మీరు అడిగారు మేడమ్. బదిలీ మీద ఏ ఊరు వెళ్లారో, ఇది మీకు అందుతుందో లేదో. వాడన్నది ఇది:

"ఆ పెద్ద పోరడు దినాం కొడ్తడు. దుప్పటి కప్పి అందరితోని కొట్టిస్తడు. సారుకు తెల్సు. మేం ఒర్లేది ఇంటడు, తలుపేసుకుంటడు. నా చేతికి నేను చేసుకుంటే నన్ను తీస్కపోయి మందుల రూంల పండవెడ్తరు. ఆడ ఎవ్వలు కొట్టరు. అందుకే చేసుకున్న. నాకు చావాల్నని లేదు. నాకు పండుకోవాల్నని ఉంది. ఒక్క రాత్రన్న. ఇది ఆమెకు చెప్పక్కా. అంతా చెప్పు."

ఇంతే అన్నాడు మేడమ్. ఇంటి గురించి వాడు ఒక్క మాట కూడా అనలేదు.