దేవదారు పొట్టు మీద పాము

2003లో నేను బెంగళూరు దగ్గరి హొసకోటె చుట్టుపక్కల కోళ్ల ఫారాలు తిరిగే పశువైద్యుణ్ణి. సాయంత్రాలు మాత్రం హూడిలో ఒక చిన్న క్లినిక్ నడిపేవాణ్ణి. అక్కడికి ఎక్కువగా కుక్కలు, అప్పుడప్పుడు పిల్లులు వచ్చేవి.

కోళ్ల వైద్యంలో మొదటి పాఠం లిట్టర్. షెడ్డులో నేల మీద పరిచే ఊక, చెక్క పొట్టు, వేరుశనగ తొక్కలు, వీటన్నిటికీ కలిపి ఆ పేరు. షెడ్డులో అడుగుపెట్టగానే, కోడిని చూడకముందే వంగి గుప్పెడు లిట్టర్ తీసి పిసుకుతాం. ముద్దకడితే తడి ఎక్కువని అర్థం. గుప్పిట విప్పగానే విడిపోవాలి, దుమ్ము లేవకూడదు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాం. ఇది చెయ్యకుండా మందు రాసేవాణ్ణి డాక్టరు కింద లెక్కెయ్యనని కొత్తగా చేరిన వాళ్ల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఆ గొప్ప ఎలా దిగిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక సాయంత్రం సులోచన అనే ఆవిడ మూతి ముడేసిన దిండు గలీబు పట్టుకుని వచ్చింది. పిల్లల వార్డులో నర్సు. గలీబు బల్ల మీద పెడితే అది మెల్లగా కదిలింది. కుక్కపిల్లా అని అడిగాను. “పాము సార్” అంది. నా కుర్చీ దానంతటదే వెనక్కి జరిగిందని ఇప్పటికీ చెప్పుకుంటాను.

అది కింగ్‌స్నేక్. పేరు విని రాచనాగు అనుకోకండి. అమెరికా జాతి, విషం లేదు. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలతో అందంగా ఉంటుంది. పెంచినవాడు సులోచన తమ్ముడు. నాలుగు నెలల కిందట ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. మొదటి నెల అతని స్నేహితుడు వచ్చి పామును చూసుకున్నాడు. ఆ తర్వాత ఆవిడే భయపడుతూ భయపడుతూ అలవాటు చేసుకుంది.

ఆ రోజు పాముకు జబ్బేమీ లేదు. పెట్టెలో ఏం పరచాలో అడగడానికి వచ్చింది. తమ్ముడు పాత పేపర్లు వేసేవాడట. పాము ఎప్పుడూ వాటి కింద దూరాలని చూస్తుందట. పరుపు సంగతి నన్నా అడగడం! ఈ జాతి పొడి నేలలో దూరి బతికేదని, చెక్క పొట్టు వేస్తే హాయిగా ఉంటుందని, తడి, దుమ్ము ఉండకూడదని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఏ చెక్కో మాత్రం చెప్పలేదు. మా షెడ్లకు సా మిల్లు వాడు ఏది పంపితే అదే వేస్తాం. వాటికి నాలుగు వైపులా జాలీ, గాలి ధారాళంగా ఆడుతుంది. ఇక్కడ ఉన్నది మూత వేసిన గాజు పెట్టె అన్న ఆలోచన నాకు రాలేదు.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. పాము తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. నోటి చివర నురగ, ఊపిరితో పాటు సన్నటి ఈల. ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ అనుకుని ఆంటిబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. క్లినిక్‌లో ఒక అట్టపెట్టెలో పేపర్లు పరిచి వారం ఉంచుకున్నాను. తేరుకుంది. ఇంటికి పంపితే పది రోజుల్లో మళ్లీ అదే ఈల. మందు మార్చాను. క్లినిక్‌లో మళ్లీ తేరుకుంది, ఇంటికెళ్లి మళ్లీ పడింది. చిక్కి తాడులా అయింది.

ఇంటికి వచ్చి పెట్టె ఒకసారి చూడమని ఆవిడ రెండుసార్లు అడిగింది. పని ఉందన్నాను. నిజం చెబుతున్నాను, పని లేదు, భయం. క్లినిక్‌లోనైతే ఆవిడ తల దగ్గర పట్టుకుంటుంది, నేను దూరం నుంచి సూది గుచ్చి తప్పుకుంటాను. పాము కాపురముండే గదిలోకి పోయి, అది పడుకునే చోట చెయ్యి పెట్టడమా? నా వల్ల కాదు.

మూడోసారి జబ్బుపడినప్పుడు పాముతో పాటు వాళ్లమ్మ కూడా వచ్చింది. మదనపల్లె వైపు నుంచి వచ్చి ఎప్పుడో బెంగళూరులో స్థిరపడిన మనిషి. చర్చికి తప్ప ఇల్లు కదలదట. పామును కాసేపు చూసి నా వైపు తిరిగింది.

“మా చిన్నోడు పోయినాడు. ఇది గూడా పోతే ఆ గదిలో ఇంకేముంటాదప్పా?”

సులోచన నెమ్మదిగా అంది. “సార్, మా వార్డులో వీజింగ్‌తో ఆయాసపడే పిల్లలు ఉంటారు. వార్డులో ఉన్నన్నాళ్లు బాగుంటారు, ఇంటికి పోతే మళ్లీ స్టార్ట్ అవుతుంది. అట్లాంటప్పుడు మా డాక్టర్లు ముందు ఇంట్లో ఏముందని అడుగుతారు.”

సిగ్గుతో తల వాలిపోయింది. పామును అట్టపెట్టెలో ఉంచి, క్లినిక్‌కు తాళం వేసి, వాళ్ల ఆటో వెనకాలే స్కూటర్ మీద వెళ్లాను.

గది తలుపు తీయగానే కమ్మటి వాసన. పెట్టె మూత తీసి చెయ్యి లోపల పెట్టాను. పాము క్లినిక్‌లో ఉందని తెలుసు, అయినా ఇంకోసారి పెట్టె మూలలన్నీ చూసుకున్నాను. గుప్పెడు పొట్టు తీసి పిసికాను. పొడిగా విడిపోయింది, దుమ్ము లేదు. మా షెడ్డులోనైతే నూటికి నూరు మార్కులు వేసేవాణ్ణి. ముక్కు దగ్గర పెట్టుకునేసరికి ఘాటుకు కళ్లు చెమర్చాయి. అది దేవదారు.

పెద్దావిడ సంతోషంగానే చెప్పింది. వాళ్ల చర్చికి కొత్త ప్రసంగ వేదిక చేయిస్తున్నారు. చిత్రిక పట్టగా రాలిన పొట్టు వడ్రంగిని అడిగి తెచ్చుకుంటోంది. ఏదెను తోటలో హవ్వను మోసం చేసిన జాతి ఇంట్లో ఉండటం మొదట ఆమెకు ఇష్టం లేదు. దేవుడి మందిరం చెక్క మీద పడుకుంటుంటే ఉండనిమ్మంది. వారం వారం పాతది తీసి కొత్తది తానే పరుస్తోంది.

ఆ వాసననిచ్చే నూనె పురుగుల్ని దగ్గరకు రానివ్వదని, మూసిన పెట్టెలో అదే పాము ఊపిరికి అడ్డం పడుతోందని చెప్పాను. పొట్టు వెయ్యమన్నది నేనేనని, ఏ చెక్కో చెప్పనిది కూడా నేనేనని ఒప్పుకున్నాను.

“దేవుడి చెక్కకి దోషముంటాదా?”

“చెక్కకి దోషం లేదమ్మా. మీ చర్చికి కిటికీలున్నాయి, ఈ పెట్టెకి లేవు.”

ఆమె మంచం అంచున కూలబడింది. “నా చేత్తోనే పరిచినానే” అంది. ఆ మాట ఆమె అనాల్సింది కాదు, నేను అనాల్సింది.

పొట్టంతా ఎత్తిపోసి, పెట్టె కడిగి ఎండబెట్టాం. గాలి కోసం చెక్క మూతకు రంధ్రాలు వేయించాం. పామును తిరిగి తెచ్చాక నెలన్నర పాటు ఉత్త పేపర్లే. వాటిలో బైబిలు వాక్యమున్న కాగితం ఉందేమోనని పెద్దావిడ ఒక్కొక్కటి చూసి మరీ పరిచేదట. రెండో వారంలో ఈల ఆగింది, మూడో వారంలో పాము ఎలుకపిల్లను మింగింది. తర్వాత హొసకోటెలో ప్యాకింగ్ పెట్టెలు చేసే చోట వాసన లేని తెల్ల చెక్క పొట్టు నేనే వెతికి తెచ్చాను. దుమ్ము జల్లించి, పాము దూరేంత మందంగా వేయించాను.

మనిషి తన నియమాన్ని తప్పేది సరిగ్గా తను భయపడే చోటనే. ఈ కేసు నాకు నేర్పింది అదే. నాకు తెలియక కాదు, వంగలేక ఒక ప్రాణాన్ని రెండు నెలలు ఏడిపించాను.

కొన్నాళ్లకు ఎవరూ పిలవకుండానే వాళ్లింటికి వెళ్లాను. పెద్దావిడ పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. గుప్పెడు పొట్టు తీసి పిసికి, వాసన చూసి, నా ముందుకు చాచింది.

“చూడప్పా డాక్టరూ, వాసన ఉండాదా?”

చూశాను. ఏ వాసనా లేదన్నాను. ఆమె దాన్ని మళ్లీ పెట్టెలో వేసి సర్దుతుంటే అడుగు నుంచి పాము తల బయటకు వచ్చింది. మెల్లగా ఆమె మణికట్టు మీదుగా పాకింది. ఆమె చెయ్యి తీయలేదు.

“మా చిన్నోడి చెయ్యనుకుంటాదేమో” అంది.

నేను నా చెయ్యి కూడా పక్కనే పెట్టాను.