మూడోసారి ఏడవమన్న ఉత్తరం

దుబ్రోవ్నిక్ అనే చిన్న రేవు రాజ్యపు దొరలు ఏటా గడ్డాలు పెంచుకుని, సుల్తానుకు కప్పం మోసుకుని ఇస్తాంబుల్ వెళ్లేవారు. నున్నటి మొహాలను అక్కడ ఎవరూ లెక్కచేయరట! వాళ్ల వెనక దుబాసి పాస్కో ముప్పై ఏళ్లు గుర్రం మీద ఊగుతూ తిరిగాడు. దొరల నోట వచ్చిన చెత్తను ఏరి, కడిగి, టర్కీ భాషలో మర్యాదగా చెప్పడమే అతని బతుకు. గడ్డంతో పాటు బుర్ర కూడా పెరుగుతుందేమోనని మొదట్లో ఆశపడేవాడు. తర్వాత ఆ ఆశ వదులుకున్నాడు.

ఆ ఏడు రాయబారి షిష్ముందో దొర. ఆయన చేతిలో ఊరి పెద్దల సభ, సెనేటు, రాసిచ్చిన ఉత్తరం ఉంది. వజీరు ముందు ఎంత వంగాలో, పేదరికం ఎప్పుడు చెప్పుకోవాలో, ఎప్పుడు ఏడవాలో అందులో ఉంది. ఏడవాల్సింది మూడో దర్శనంలో.

పాస్కో తమ్ముడు నిక్ష ఓడ సరంగు. సుల్తాను అనుమతి లేకుండా గోధుమలు ఎక్కించుకున్నాడని పట్టుకుని ఇస్తాంబుల్ చెరలో పడేశారు. రెండో దర్శనంలో వజీరే ఆ మాట ఎత్తాడు.

“రేపు పొద్దున్నే వాణ్ణి తెడ్లు వెయ్యడానికి యుద్ధనావకి పంపేస్తున్నాం. మీ దొర ఏమైనా బతిమాలుకుంటాడా?”

పాస్కో దొర చెవిలో గొణిగాడు. “దొరా, ఇప్పుడే ఏడవండి. రెండు చుక్కలు చాలు, మావాడు బయటపడతాడు.”

“ఇది రెండోసారి కదరా!”

“మీ కాళ్లు పట్టుకుంటాను దొరా.”

“ఇప్పుడే ఏడ్చేస్తే మూడోసారికి ఏం చెయ్యమంటావ్? సెనేటుకి ఏం చెప్పమంటావ్?”

పాస్కో తానే మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. రాయబారి రాయిలా నిలబడితే దుబాసి కన్నీళ్లు ఎవడికి కావాలి! వజీరు మొహం తిప్పుకున్నాడు. తెల్లారగానే నిక్షను గొలుసులతో తీసుకుపోయారు.

వారం తర్వాత మూడో దర్శనంలో షిష్ముందో దొర గుండెలు బాదుకుని ఏడ్చాడు, నిక్షను కనికరించమని వేడుకున్నాడు. పాస్కో ఒక్కో మాటా పొడి కళ్లతో అనువదించాడు. వజీరు నవ్వి, దొరకు ఓ జరీ అంగీ ఇప్పించాడు. సిగ్గులేని మనిషి దాన్ని అక్కడే తొడుక్కుని చూసుకున్నాడు.

ఊరికి తిరిగొచ్చాక సెనేటు పాస్కోను పిలిపించింది.

“దొరగారు మూడోసారే ఏడ్చారా?”

“మూడోసారేనయ్యా. రెండోసారి ఏడ్చుంటే మా తమ్ముడు ఇంటికొచ్చేవాడు.”

“అది ఉత్తరంలో లేదు కదా,” అన్నాడు ఓ పెద్దమనిషి. మిగతా వాళ్లంతా తలలూపారు.