మంట తీసిన పెనం

పొద్దున నడకకు వెళ్లినప్పుడు బెల్లం వండుతున్న వాసన తగిలితే నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. దానితోపాటు గుర్తొచ్చే మనిషిని ఇక్కడ నాయుడు అంటాను. అసలు పేరు నా డైరీల్లో కూడా రాయలేదు.

నేను అనకాపల్లిలో ఒక ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. హెచ్ఐవీ ఉన్నవారి రక్తంలో సీడీ4 కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం నా పని. అక్కడికి పరీక్షకు వచ్చే నాయుడు బెల్లం వండే మేస్త్రి. రిపోర్టు ఇస్తే అందరూ “బాగుందాండీ?” అనేవారు. అతను మాత్రం “ఆ కణాలు లోపలేటి సేత్తన్నాయండీ?” అన్నాడు. లెక్క చెప్పడం వరకే నా పని అన్నాను. “పెనంలో రసం ఎంతుందో సెప్తే పాకం తెలిసిపోద్దేటి బాబూ?” అని నవ్వాడు. నాకు కాస్త చిన్నతనమనిపించింది. ఆ రోజు డైరీలో అంకె ఒక్కటే రాసుకున్నాను.

మందులు వాడిన కొంతకాలానికి అతని రక్తంలో వైరస్ కనబడలేదని రిపోర్టు వచ్చింది. సంతోషం పట్టలేక, “ఇక నీకు భయం లేదు నాయుడూ” అన్నాను. అది నేను అనవలసిన మాట కాదు.

చెరకు గానుగలు ఆగే రోజుల్లో మళ్లీ వచ్చాడు. జ్వరం, నోటినిండా తెల్లపూత. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది.

“మందులు వేసుకుంటున్నావా?”

“ఆపేసేనండి. పాకం వచ్చేక మంట తీసెయ్యాలి గదా. ఇంకా ఎగదోత్తే మాడిపోద్ది. మీరే గదా భయం లేదన్నారు?”

జీవితాంతం వాడాలని కౌన్సెలర్ ఎన్నిసార్లు చెప్పిందో! నా ఒక్క మాట వాటన్నిటినీ తుడిచేసింది. డాక్టరుగారు అతన్ని కసరలేదు. “మందు మంట కాదు నాయుడూ, వైరస్ మంట. మందు దాన్ని అణిచి ఉంచుతోంది. నువ్వు మానేశావు, అది మళ్లీ రాజుకుంది” అన్నారు. పాత మందులు మళ్లీ పనిచేస్తాయో లేదో, మనిషి దక్కుతాడో లేదో ఆయనా చెప్పలేకపోయారు. మందులు మాత్రం మళ్లీ మొదలుపెట్టించారు.

కొన్ని నెలలకు రిపోర్టులో వైరస్ కనబడలేదనే వచ్చింది. ఈసారి నేనేమీ అనలేదు. నాయుడే అడిగాడు. “మంటారింది, సరే. పెనం సల్లారిందా బాబూ?”

నాకు అర్థం కాలేదని బట్టీ దగ్గరకు తీసుకెళ్లాడు. పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోయడం ఆపించి, పెనం దింపించాడు. కింద మంట లేదు. పైన పాకం ఇంకా బుడగలు వేస్తూనే ఉంది.

మర్నాడు డాక్టరుగారిని అడిగాను. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. వైరస్ ఉన్నంతకాలం రక్షణకణాలు రెచ్చిపోయి ఉంటాయనీ, ఎడతెగని పోరుతో అలిసిపోతాయనీ, మందులతో ఆ ఉద్రేకం బాగా తగ్గినా చాలామందిలో పూర్తిగా మామూలు స్థితికి రాదనీ చెప్పారు. వైరస్ కొంత కణాల్లో నక్కి ఉంటుంది. దెబ్బతిన్న పేగు గోడలోంచి సూక్ష్మక్రిముల తునకలు రక్తంలోకి జారి కణాలను కెలుకుతుంటాయి. కారణాలు ఇంకా ఉన్నాయట. ఇన్నేళ్లు కణాలను లెక్కపెట్టాను గానీ, అవి నెమ్మదిగా ఉన్నాయా లేదా అని ఒక్కనాడూ అడగలేదు.

నాయుడికి అంతా చెప్పాను.

“అయితే నాకు సల్లారిందా, లేదా?”

“తెలీదు నాయుడూ. ఆ పరీక్ష మన దగ్గర లేదు. మందు మానకపోతే మంట మళ్లీ రాజుకోదు. అంతవరకే చెప్పగలను.”

“తెలీదని సెప్పేరు. ఈపాలి మీ మాట నమ్ముతాను.”

పోయేదాకా మందు మానలేదు. పెద్దవయసులోనే పోయాడు.

ఈ పొద్దున కూడా బట్టీ దగ్గర ఆగాను. “మంట తీసేసేం తాతా, ఇంకేటి సూత్తావు?” అంది అక్కడ పనిచేసే మనిషి.

“చల్లారనీ అమ్మా” అన్నాను. చివరి బుడగ అణిగేదాకా అక్కడే నిలబడ్డాను.