ఒక నాడికి మూడు మాటలు

1956 జూన్‌లో నేను తిరువళ్ళూరులోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. పన్నెండు పడకలు, ఒక డాక్టరు, ఒక హెడ్ నర్సు, ఆమె కింద మేం ముగ్గురం. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. మా సొంతూరు తిరుత్తణి అప్పట్లో ఆంధ్రాలో ఉండేది. సెలవు దొరికితే రైలెక్కి రాష్ట్రం దాటి ఇంటికి పోయేదాన్ని.

డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు పుస్తకం చేతులు మారుతుంది. అందులో పడక నంబరు, నాడి, జ్వరం, చివర రోగి స్థితి గురించి ఇంగ్లీషులో ఒక మాట ఉంటాయి. ఆ మాట అలంకారానికి కాదు. 'ఫెయిర్' అంటే ఎవరూ కంగారుపడనక్కర్లేదు. 'లో' అంటే గంటగంటకూ నాడి చూడాలి. 'సీరియస్' అంటే కాల్ బుక్కులో రాసి డాక్టరుకు పంపాలి, ఆయన సంతకం పెట్టి వెంటనే రావాలి. 'సీరియస్' అని రాసే అధికారం హెడ్ నర్సుకే ఉండేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రెండింటికి డ్యూటీకి వచ్చి పుస్తకం తెరిచాను. ఐదో పడక చెంగమ్మది. పాండూరు రైతు కుటుంబం, ముందురోజు సాయంత్రం తొలి కాన్పు. ఎనిమిది గంటలకు 'ఇన్‌డిస్పోజ్డ్' అని ఉంది. పదింటికి 'అవుట్ ఆఫ్ సార్ట్స్'. పన్నెండింటికి 'పూర్లీ'. మూడూ ఒంట్లో బాగాలేదని చెప్పే మాటలే, కానీ ఏ ఒక్కటీ మేం ఏం చెయ్యాలో చెప్పదు. నాడి మాత్రం మూడుసార్లూ ఎనభై నాలుగు. బాగాలేని మనిషి నాడి అంత నిలకడగా ఉండదు. మూడు వరుసలూ ఒకేసారి కూర్చుని రాసినట్టున్నాయి.

రాసింది హెడ్ నర్సు గ్రేస్ గారు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. అడిగితే, "కొంచెం నీరసం, అంతే. పడుకోనీ" అని పుస్తకం మూసి భోజనానికి వెళ్ళిపోయారు. ఆ మూసిన తీరు నాకు నచ్చలేదు. కాన్పులో ఏదో పొరపాటు జరిగి దాస్తున్నారా అనిపించింది.

ఐదో పడక దగ్గర చెంగమ్మ అత్త విసనకర్రతో విసురుతూ కూర్చుంది. ఎట్లుందని అడిగాను.

"పొద్దన్నించి దప్పి దప్పి అంటా ఉండాది నర్సమ్మా. చెంబు నీళ్ళు తాగేసినాది, ఇంకా తెమ్మంటాది."

"నాడి ఎన్ని తూర్లు చూసినారు?"

"యాడ చూసినారు? పొద్దన ఒకతూరి చేయి పట్టుకున్నారు. మళ్ళ వాకిట్లోనించే అడిగి పోయినారు."

గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నూట ముప్పై రెండు. పెదవులు తెల్లబడ్డాయి. గుడ్డ మీద రక్తం పెద్దగా లేదు, కానీ గర్భసంచి బొడ్డు పైకి వచ్చి మెత్తగా తగిలింది. రక్తం లోపలే నిలుస్తోందన్నమాట. కాల్ బుక్కులో 'సీరియస్, నాడి 132' అని నేనే రాసి, సంతకం పెట్టి, ఆయా చేత పంపాను.

డాక్టరు పది నిమిషాల్లో వచ్చారు. పొట్ట నొక్కి గడ్డకట్టిన రక్తం తీశారు, ఇంజెక్షన్ ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి నాడి వందకు దిగింది. పదో రోజున చెంగమ్మ బిడ్డతో ఇంటికి పోయింది.

నేను కాల్ బుక్కు పంపిన మర్నాడే డాక్టరు మా ఇద్దరినీ పిలిపించారు. గ్రేస్ గారు దాచలేదు. నాడి ఎనిమిదింటికి ఒక్కసారే చూశాననీ, తర్వాత అదే అంకె వేశాననీ ఒప్పుకున్నారు. "మార్చిలో ఎనిమిదో పడక సీరియస్ అని పిలిచాను. రోగి ఊరికే భయపడింది, అంతే అన్నారు మీరు. అనవసరపు పిలుపు అని ఎర్రసిరాతో రాశారు. నాకు మెమో వచ్చింది. అప్పటినుంచి ఆ మాట రాయాలంటే చెయ్యి ఆడదు" అన్నారు.

డాక్టరు కాల్ బుక్కు తెప్పించి మార్చి పేజీ చూశారు. గ్రేస్ గారికి మెమో వచ్చింది, అధికారం దాటినందుకు నాకూ వచ్చింది. ఆయన మళ్ళీ కాల్ బుక్కులో ఎర్రసిరా వాడగా నేను చూడలేదు.

నా అనుమానం సగమే నిజం. కాన్పులో పొరపాటు లేదు, తర్వాతి నిర్లక్ష్యం ఉంది, దాని వెనక భయం ఉంది. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకే రోగికి పూటకో కొత్త మాట కనబడితే, ముందు వెళ్ళి నాడి లెక్కపెట్టాను. హెడ్ నర్సునయ్యాక, అనవసరంగా పిలిచిన నర్సును ఒక్కసారి కూడా మందలించలేదు.