అక్క ఎక్కని రైలు

మొన్న కరీంనగర్‌లో మా మనవరాలి కాలేజీ పరుగుపందెం జట్టును సాగనంపడానికి వెళ్లాను. ఆడపిల్లలకు వేరే బస్సు, అందరి కాళ్లకూ బూట్లు, ముందు సీట్లో వాళ్ల కోచ్ మేడం. ఆటల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా చూపకూడదని ఇప్పుడు నియమం ఉందని, చూపితే ఊరుకోమని మనవరాలు దబాయించి చెబుతుంటే నవ్వుతూనే విన్నాను. బస్సు కదిలాక మాత్రం మా అక్క గుర్తొచ్చి అక్కడే కాలేజీ మెట్ల మీద కూర్చుండిపోయాను.

మీలో ఆ కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరవైతొమ్మిది తెలంగాణ గొడవలు సద్దుమణిగి కాలేజీలు మళ్లీ తెరిచిన రోజులవి. మంచిర్యాలలో అక్క డిగ్రీ, నేను పీయూసీ. సాయంత్రాలు మైదానం మగపిల్లలదే, వాళ్లు అన్నానికి వెళ్లిన మిట్టమధ్యాహ్నం మాత్రం మాది. ఆ ఎండలో అక్క ఓణి కొంగు నడుముకు బిగించి వట్టి కాళ్లతో పరుగెత్తేది, నేను ఆమె చెప్పులు పట్టుకొని నీడలో కూర్చునేదాన్ని. నడిచేవాళ్లు కూడా నన్ను దాటిపోతారు గనక నాకు ఆ ఉద్యోగమే తగింది. ఆడపిల్లకు ఇదేం పని అని కూతురి మీద సణిగే బాపు కూడా అటుగా వస్తే సైకిలు ఆపి, కాసేపు చూసి పోయేవాడు.

ఆ ఏడు వరంగల్లులో జరిగే కాలేజీల పోటీలకు అక్కను ఎంపిక చేశారు. ఆడపిల్ల వెళ్లాలంటే తోడుగా ఆడమనిషి ఉండాలన్నారు. ఇంతేనా అనుకున్నాం ఇంట్లో అందరం. అవ్వ, అంటే మా అమ్మ, కూలి మానుకుంది, పెట్టెలో దాచిన పెళ్లిచీర కట్టింది, జొన్నరొట్టెలు మూటగట్టి అందరికంటే ముందే స్టేషన్‌కు చేరింది. అంతవరకు రైలెక్కి ఎరగని అవ్వ మొహం అక్క మొహం కంటే ఎక్కువ వెలిగిపోతోంది.

ఆటల సారు అవ్వను చూసి తల దించుకున్నాడు.

"కాలేజీల పనిచేసే మేడమే ఉండాలె అవ్వా. బయటోళ్లయితే నడువదు."

మా కాలేజీలో మేడం అన్న మనిషే లేదు.

"నేను కన్నతల్లిని సారూ. నాకన్న మంచిగ ఎవరు చూస్కుంటరు?" అంది అవ్వ.

సారు మగపిల్లల పేర్లు పిలవసాగాడు. మగపిల్లలు ఎక్కారు, రైలు కదిలింది. ఇంటికి తిరిగొస్తూ దారిపొడవునా అవ్వ తన చీరనే తిట్టుకుంది, ఇంకాస్త మంచిది కట్టుకొస్తే రానిచ్చేవాళ్లేమోనని.

అక్క ఏడవలేదు, కానీ ఆ మర్నాటి నుంచి మైదానం వైపు రాలేదు. తర్వాత ఆమెను భైంసాకు ఇచ్చారు. ఒకసారి అక్కడి బస్టాండులో బస్సు కదిలిపోతుంటే నేను ఆయాసపడుతూ పరుగెత్తాను, వెనక్కి తిరిగి చూస్తే అక్క కదలకుండా నిలబడి ఉంది. "పోతే పోనియ్యవే, ఇంకోటొస్తది" అంది. నాకు ఆ మాట విని ఏడుపొచ్చింది. ఇప్పుడు అక్కా లేదు, అవ్వా లేదు.

బూట్లు వచ్చాయి, మేడములు వచ్చారు, నియమాలు ఆడపిల్లల పక్షాన నిలబడ్డాయి. సంతోషమే, కాదనను. కానీ ఆనాడు అక్కకు వీటిలో ఏదీ అక్కర్లేదు, ఒక్క ఆడమనిషి తోడు చాలు. ఆ తోడు రొట్టెల మూట చంకన పెట్టుకొని ఆ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది.